పెద్దలు చదివే బొమ్మల కథలు



కొన్నేళ్ళ క్రితం మా పాఠశాల పిల్లల్ని లేపాక్షికి విహారయాత్రకు తీసుకువెళ్ళాం. బాగేపల్లి, గౌరిబిదనూరు ప్రాంతాల వాళ్ళకు లేపాక్షి పొరుగూరు లాంటిదే. బోర్డుల మీద లిపి మారితే తప్ప మనం రాష్ట్రం దాటామన్న సంగతి కూడా తెలియదు. వీరభద్రస్వామి గుడిలో పిల్లలందరూ వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూడడంలో మునిగిపోయారు. మాతో వచ్చిన ఒక విద్యార్థి తాతగారు మాత్రం మంటపంలో మెడ పైకెత్తి అలాగే నిలబడిపోయారు. పైకప్పు మీద మనునీతి చోళుని కథ చిత్రించి ఉంది. రాజకుమారుడి రథం కింద పడి ఒక ఆవుదూడ చచ్చిపోతుంది. తల్లి ఆవు వచ్చి రాజుగారి ధర్మగంట మోగిస్తుంది. రాజు తన కొడుకును కూడా అదే రథం కింద వేయమంటాడు. ఆ తాతగారు ఒక్కొక్క బొమ్మే చూపించి కథ చెప్పడం మొదలుపెట్టేసరికి పిల్లలు స్తంభాన్ని వదిలి ఆయన చుట్టూ చేరారు. చివరికి ఆయన, "కొడుకని కూడా చూడలేదు నాయనా, న్యాయమంటే అట్లుండాల" అన్నారు.

ఆ పెద్దాయనకు చదువు రాదు. అయినా దాదాపు ఐదు వందల ఏళ్ళనాటి ఒక కథను ఆయన ఆ పూట మా అందరికీ చదివి వినిపించారు. ఆ కథ పిల్లల కథ అని ఎవరంటారు? కన్నకొడుకు ఒకవైపు, ధర్మం ఒకవైపు నిలబడితే తండ్రి ఏం చేయాలన్నది పెద్దవాళ్ళను నిద్రపోనివ్వని ప్రశ్న. బొమ్మల ద్వారా ఇటువంటి కథలు చెప్పుకోవడం మనకు కొత్త కాదు. తోలుబొమ్మలాట తెర ముందు తెల్లవార్లూ కూర్చున్నది పిల్లలు కారు, ఇంటి పెద్దలే. తెలంగాణలోని చేర్యాల నకాషీ చిత్రకారులు గజాల కొద్దీ గుడ్డ మీద కులపురాణాలు చిత్రిస్తే, కథకులు వాటిని ఊరూరా విప్పి చూపిస్తూ పాడింది కూడా పెద్దల కోసమే.

మరి అచ్చు పుస్తకం వచ్చేసరికి మన అభిప్రాయం ఎందుకు మారిపోయింది? బొమ్మలుంటే అది పిల్లల పుస్తకమని, పెద్దయ్యాక బొమ్మల్లేని పుస్తకం చదవడమే చదువని మనం ఎప్పుడు నిర్ణయించుకున్నాం? ఈ తప్పు నేను కూడా చేశాను. ఆ సంగతి ముందు చెప్పి, తర్వాత విషయంలోకి వస్తాను.

తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు ఒకరోజు సాంఘికశాస్త్రం పాఠం జరుగుతుండగా బల్ల కింద పుస్తకం పెట్టుకుని చదువుతున్నాడు. చూస్తే బొమ్మల పుస్తకం. లోపల ఏముందో కూడా చూడకుండా లాక్కుని బీరువాలో పడేశాను. "సార్, మా అన్న బెంగళూరు నుంచి తెచ్చినాడు సార్" అని వాడు రెండు మూడుసార్లు అడిగాడు. పరీక్షలయ్యాక ఇస్తానన్నాను. ఏడాది చివర బీరువా సర్దుతూ ఆ పుస్తకం తెరిచాను. అది హిరోషిమా మీద అణుబాంబు పడిన రోజు కథ. ఆ కుర్రవాడి చేతిలోంచి నేను పుస్తకం లాక్కున్న రోజున నేను చెబుతున్న పాఠం ఏమిటో తెలుసా? రెండో ప్రపంచయుద్ధం. బోర్డు మీద తేదీలు రాయిస్తున్నాను.

శ్రోతలారా, ఆ పుస్తకం పేరు "బేర్‌ఫుట్ గెన్". అంటే చెప్పుల్లేని గెన్ అనే పిల్లవాడని. రాసి, బొమ్మలు వేసినవారు కేజీ నకజావా. 1945 ఆగస్టు 6వ తేదీన ఆయన ఆరేళ్ళ పిల్లవాడు. బడి ముందున్న ప్రహరీగోడ అడ్డుపడడం వల్ల బతికిపోయారు. తండ్రి, అక్క, తమ్ముడు మాత్రం కూలిన ఇంటి కింద చిక్కుకుని మరణించారు. ఆ రోజే ఆయన తల్లి ఒక ఆడపిల్లను ప్రసవించింది. ఆ పసికందు కూడా కొన్ని నెలలకే పోయింది. చాలా ఏళ్ళ పాటు నకజావా ఈ విషయం తలచుకోవడానికే ఇష్టపడలేదు. 1966లో తల్లి చనిపోయింది. దహనమయ్యాక అస్థికల కోసం చూస్తే బూడిద తప్ప ఎముకలు మిగల్లేదు. అమ్మ ఎముకల్ని కూడా ఆ బాంబు తినేసిందన్న బాధతో, కోపంతో ఆయన కలం పట్టారు. 1973లో ఒక వారపత్రికలో ఈ కథ మొదలై, చివరికి పది సంపుటాలయింది. బాంబు పడిన క్షణంతో ఈ కథ ముగిసిపోదు. ఆకలి, కాలిన గాయాలతో వచ్చిన చుట్టాల్ని ఇంట్లోకి రానివ్వని మనుషులు, తిండిగింజల కోసం పడే తగువులు, వాటన్నిటి మధ్యా అల్లరి మానని పిల్లలు, ఇవన్నీ అందులో ఉన్నాయి. నేను బోర్డు మీద రాసిన తేదీలో ఇవేవీ లేవు.

ఇటువంటి పుస్తకాలను ఇప్పుడు గ్రాఫిక్ నవలలు అంటున్నారు. పుట మొత్తం గళ్ళుగా విడగొట్టి, గడికొక బొమ్మ వేసి, మాటల్ని బుడగల్లో రాసి, నవలంత పొడవున కథ నడిపించడం వీటి పద్ధతి. ఆ పేరు అంతకు ముందే వాడుకలో ఉన్నా, పదిమందికీ తెలియడానికి తోడ్పడింది 1978లో అమెరికాలో విల్ ఐస్నర్ వెలువరించిన "ఎ కాంట్రాక్ట్ విత్ గాడ్" అనే పుస్తకం. న్యూయార్కులో పేదలు కాపురముండే ఒక ఇరుకు వీధి కథలవి. మొదటి కథలో ఒక భక్తుడు దేవుడితో ఒప్పందం చేసుకుంటాడు. తాను మంచిగా బతుకుతాడు, దేవుడు తనను చల్లగా చూడాలి. కొన్నేళ్ళకు ఎవరో గుమ్మంలో వదిలివెళ్ళిన పాపను కన్నకూతురిలా పెంచుకుంటాడు. ఆ పిల్ల జబ్బుచేసి చనిపోతుంది. అప్పుడాయన దేవుణ్ణి నిలదీస్తాడు, ఒప్పందం తప్పింది నువ్వు కాదా అని. ఐస్నర్ తన సొంత కూతురిని చిన్న వయసులోనే పోగొట్టుకున్నారు. ఆ దుఃఖమే ఈ కథకు మూలమని చాలా ఏళ్ళ తర్వాత గాని బయటపెట్టలేదు. బిడ్డను పోగొట్టుకున్న తండ్రి దేవుడితో వేసుకున్న తగువు ఎవరి కోసం రాసినట్టు? పిల్లల కోసం మాత్రం కాదు.

ఇక ఈ కోవలో అందరూ చెప్పుకునే పుస్తకం "మౌస్". మౌస్ అంటే జర్మన్ భాషలో ఎలుక. రచయిత ఆర్ట్ స్పీగెల్‌మన్. ఆయన తల్లిదండ్రులు పోలండు దేశపు యూదులు. హిట్లర్ కాలంలో ఆష్విట్జ్ నిర్బంధ శిబిరం నుంచి ప్రాణాలతో బయటపడ్డ కొద్దిమందిలో వాళ్ళూ ఉన్నారు. ఈ పుస్తకంలో యూదులకు ఎలుక తలలు, జర్మన్లకు పిల్లి తలలు ఉంటాయి. వినడానికి పంచతంత్రంలా ఉంది కదా! కాని చదువుతుంటే కాసేపటికి ఆ తలల్ని మరిచిపోతాం, మనుషులే కనిపిస్తారు. దీని మొదటి సంపుటం 1986లో, రెండోది 1991లో వచ్చాయి. 1992లో దీనికి పులిట్జర్ ప్రత్యేక పురస్కారం లభించింది. బొమ్మల పుస్తకానికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి.

ఈ పుస్తకంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసినవి శిబిరం దృశ్యాలు కావు. న్యూయార్కులో ముసలివాడైన తండ్రి, ఆయన చెబుతుంటే టేపురికార్డరులో ఎక్కించుకుంటున్న కొడుకు, వాళ్ళిద్దరి మధ్య కీచులాటలు. తండ్రికి పిసినారితనం ఎక్కువ. రోడ్డు మీద పారేసిన తీగముక్కను కూడా ఏరుకుంటాడు. సగం తిన్న అటుకుల పెట్టెను దుకాణానికి తిరిగి ఇచ్చేసి వస్తాడు. కొడుకు సిగ్గుతో చచ్చిపోతాడు. కాని రొట్టెముక్క కోసం, తాడుముక్క కోసం ప్రాణాలు పోయే చోట బతికిన మనిషి మరెలా ఉంటాడు? మన ఇళ్ళలోనూ కరువు చూసిన ముసలివాళ్ళు ఉంటారు. కింద పడిన మెతుకు ఏరి నోట్లో వేసుకుంటే మనం విసుక్కుంటాం. స్పీగెల్‌మన్ ఆ విసుగునూ దాచలేదు, తన తప్పునూ దాచలేదు. పక్కపక్క గళ్ళలో ఒకవైపు నేటి తండ్రిని, మరోవైపు నాటి తండ్రిని చూపించాడు. అక్కడ బొమ్మ చేసిన పని మాటలతో అంత తేలిగ్గా జరిగేది కాదు.

ఇరాన్ దేశం నుంచి వచ్చిన కథ మరోలా ఉంటుంది. మర్జాన్ సత్రపి 1969లో పుట్టారు. ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు, 1979లో, ఇరాన్‌లో విప్లవం వచ్చి రాజరికం పోయింది. మరుసటి ఏడు బడిలో ఆడపిల్లలందరూ తలకు ముసుగు వేసుకోవాలన్నారు. ఆ పిల్లలకు అదేమిటో అర్థం కాక, ఆ ముసుగులతో తాడాట ఆడుకుంటారు. "పెర్సెపొలిస్" అనే ఈ ఆత్మకథ ఈ దృశ్యంతోనే మొదలవుతుంది. 2000 నుంచి 2003 వరకు ఫ్రెంచి భాషలో నాలుగు భాగాలుగా వచ్చింది. రంగులేవీ లేవు, నలుపూ తెలుపూ మాత్రమే. అభిమానించే బాబాయికి మరణశిక్ష అమలు చేయడం, ఇరాక్‌తో యుద్ధం, పద్నాలుగేళ్ళ పిల్లను క్షేమం కోసం తల్లిదండ్రులు ఒంటరిగా వియన్నాకు పంపించడం, పరాయి దేశంలో ఆ పిల్ల ఎటూ కాకుండా పోవడం, ఇన్ని విషయాలను నవ్విస్తూనే చెబుతారు. వార్తాపత్రికలో ఇరాన్ అంటే మనకు నూనెబావులు, గడ్డాలు, నినాదాలు కనిపిస్తాయి. ఈ పుస్తకంలో అమ్మమ్మ కనిపిస్తుంది. ఆ అమ్మమ్మ మన అమ్మమ్మలాగే ఉంటుంది.

బొమ్మలతో పత్రికా రచన చేసినవాళ్ళూ ఉన్నారు. జో సాకో అనే ఆయన 1991, 92 చలికాలంలో పాలస్తీనా శిబిరాల్లో తిరిగి, మనుషుల్ని కలిసి, వాళ్ళు చెప్పినదంతా బొమ్మల్లో పెట్టారు. కెమెరా చూడలేని పాత సంఘటనలను కూడా సాక్షుల మాట విని కలంతో గీయవచ్చునని ఆయన నిరూపించారు.

ఇంకొక కథ చెబుతాను. ఇది ఉపాధ్యాయుడిగా నాకు చాలా ఇష్టమైనది. అమెరికాలో 1957లో మార్టిన్ లూథర్ కింగ్ నడిపిన బస్సుల బహిష్కరణ ఉద్యమం గురించి పది సెంట్లకు అమ్మిన ఒక చిన్న బొమ్మల పుస్తకం వచ్చింది. దాన్ని చదివి అహింసా మార్గాన్ని తెలుసుకున్న నల్లజాతి యువకుల్లో జాన్ లూయీస్ ఒకరు. ఆయన 1965లో సెల్మా వంతెన మీద పోలీసుల దెబ్బలకు తల పగిలి కూడా వెనక్కు తగ్గలేదు. తర్వాత పార్లమెంటు సభ్యుడయ్యారు. ముసలితనంలో తన జీవితాన్ని "మార్చ్" అనే పేరుతో, మరో ఇద్దరితో కలిసి, మూడు సంపుటాల బొమ్మల పుస్తకంగానే వెలువరించారు. 2016లో దాని మూడో సంపుటానికి అక్కడి జాతీయ గ్రంథ పురస్కారం లభించింది. ఆ సభలో ఆయన కన్నీళ్ళతో చెప్పిన మాట ఏమిటంటే, పదహారేళ్ళ వయసులో తాను ఊరి గ్రంథాలయానికి సభ్యత్వం కోసం వెళితే, ఇది తెల్లవాళ్ళకే, నీకు కాదు అన్నారట. పుస్తకం ముట్టనివ్వని ఊరి నుంచి వచ్చిన మనిషి అరవై ఏళ్ళకు ఆ పురస్కారం అందుకున్నారు.

ఈ మాట వినగానే మనకు మన దేశపు కథ గుర్తుకు రావాలి. పుస్తకం కాదు, మంచినీళ్ళే ముట్టనివ్వని కథ. 2011లో ఢిల్లీలోని నవయాన సంస్థ "భీమాయన" అనే పుస్తకం ప్రచురించింది. డాక్టర్ అంబేద్కర్ తన జీవితంలో ఎదుర్కొన్న అవమానాల కథ ఇది. మాటలు శ్రీవిద్యా నటరాజన్, ఎస్. ఆనంద్ రాశారు. బొమ్మలు మధ్యప్రదేశ్‌కు చెందిన గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ దంపతులు వేశారు. గోడల మీద ముగ్గులు వేసే సంప్రదాయంలోంచి వచ్చిన దుర్గాబాయికి 2022లో పద్మశ్రీ కూడా లభించింది.

ఈ దంపతులు గళ్ళు గీయలేదు. మనుషుల్ని పెట్టెల్లో బంధించడం వాళ్ళకు ఇష్టం లేదు. పుట అంతా ముగ్గులా అల్లుకుపోతుంది. రైలు పాములా మెలికలు తిరుగుతుంది. దాహంతో ఉన్న భీముడి ఒంట్లో చేప కనిపిస్తుంది. మాటల బుడగలు చూడండి, మెత్తని మాటలకు పక్షి ఆకారం, కులవిషం కక్కే మాటలకు తేలు కొండి. చదువు రాని వ్యక్తికి ఆ పుట చూపించినా ఎవరు కుట్టారో, ఎవరు కుట్టించుకున్నారో తెలిసిపోతుంది. బడిలో కుళాయి విప్పి నీళ్ళు పోయడానికి నౌకరు రాని రోజున భీముడికి నీళ్ళు లేవు. బరోడాలో ఉద్యోగానికి వెళితే తలదాచుకోవడానికి చోటు లేదు. ఈ సంగతులు అంబేద్కర్ స్వయంగా రాసుకున్నవే. అయినా నేను వాటిని అక్షరాల్లో చదివినప్పుడు జాలిపడ్డాను. ఆ తేలు కొండిని చూసినప్పుడు మా బడి కుండ దగ్గరికి వెళ్ళి, ఎవరు ముంచుతున్నారు, ఎవరు దూరంగా నిలబడుతున్నారు అని ఒక వారం రోజులు గమనించాను. ఏం కనిపించిందో ఇక్కడ చెప్పను. మీ ఊళ్ళో మీరూ ఒకసారి గమనించండి.

మన దేశంలో ఇంకా ఉన్నాయి. 1994లోనే ఓరిజిత్ సేన్ నర్మద మీద ఆనకట్ట వల్ల ఊళ్ళు వదలవలసి వచ్చిన ఆదివాసుల గురించి "రివర్ ఆఫ్ స్టోరీస్" వేశారు. అందులో ఒకవైపు పట్నం విలేఖరి సమాచారం సేకరిస్తుంటాడు, మరోవైపు ఆదివాసి గాయకుడు సృష్టి పుట్టుక పాడుతుంటాడు. సారనాథ్ బెనర్జీ "కారిడార్" 2004లో వచ్చింది, ఢిల్లీలో ఒక పాతపుస్తకాల దుకాణం చుట్టూ తిరిగే సరదా కథ అది. విశ్వజ్యోతి ఘోష్ 2010లో అత్యవసర పరిస్థితి రోజుల మీద "ఢిల్లీ కామ్" వెలువరించారు. అమృతా పాటిల్, మాలిక్ సజాద్ వంటివారు తమ తమ నగరాల గురించి, లోయల గురించి చెప్పుకున్నారు. చూశారా, యుద్ధం, భక్తి, ముసలితనం, కులం, నీళ్ళు, నిర్వాసితులు, రాజకీయం, నవ్వు, ఇందులో ఇమడని విషయం లేదు.

అయితే ఒక జాగ్రత్త. ఇవి పెద్దల పుస్తకాలు. బొమ్మలున్నాయి కదా అని చూడకుండా చిన్నపిల్లల చేతికి ఇవ్వకూడదు. హింస ఉంటుంది, ఇంట్లో దాచుకునే విషయాలు ఉంటాయి. అలాగని భయపడి తలుపు మూసేయడమూ సరికాదు. 2022లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో ఒక జిల్లా పాఠశాలల మండలి, కొన్ని తిట్లు, ఒక నగ్నచిత్రం ఉన్నాయని "మౌస్"ను ఎనిమిదో తరగతి పాఠాల్లోంచి తీసేసింది. 2023లో హిరోషిమా నగరంలోనే "బేర్‌ఫుట్ గెన్"ను శాంతిపాఠాల పుస్తకంలోంచి తొలగించారు. వాళ్ళ కారణాలు వాళ్ళకు ఉండవచ్చు. నేను అడిగేది ఒకటే, తీసేసే ముందు పూర్తిగా చదివారా? ఈ ప్రశ్న ముందు నన్ను నేనే వేసుకోవాలి, ఎందుకంటే నేను చదవకుండానే బీరువాలో పెట్టాను.

చదివే పద్ధతి గురించి కూడా ఒక మాట. మనలాంటి పెద్దలు ఈ పుస్తకం పట్టుకుంటే బుడగల్లో మాటలు చకచకా చదివేసి, అరగంటలో అయిపోయింది, ఏముంది ఇందులో అంటాం. అలా కాదు. ఒక గడికీ మరో గడికీ మధ్య తెల్లని సందు ఉంటుంది. ఒక గడిలో అమ్మ గుమ్మంలో నిలబడి ఉంటుంది, తర్వాతి గడిలో గుమ్మం ఖాళీగా ఉంటుంది. ఆ సందులో ఏం జరిగిందో ఊహించుకోవలసింది మనమే. లేపాక్షి తాతగారు బొమ్మకూ బొమ్మకూ మధ్య ఆగి ఊపిరి తీసుకున్నారు చూడండి, అలా చదవాలి.

చివరిగా మన సరిహద్దు ప్రాంతపు మాట. మనం ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో చదువుకున్నాం. తెలుగు వింటే అర్థమవుతుంది, ఈ రేడియో వింటున్నదీ అందుకే. కాని తెలుగు పుస్తకం చేతికిస్తే చాలామందికి లిపి అడ్డుపడుతుంది. నా తరగతిలో సగానికి పైగా పిల్లల పరిస్థితి ఇదే. వాళ్ళ తల్లిదండ్రులదీ ఇదే. ఇటువంటి వాళ్ళకు మూడు వందల పుటల నవల ఇవ్వలేం. పుటకు నాలుగు మాటలుండి, మిగతాది బొమ్మ చెప్పే పుస్తకం ఇవ్వవచ్చు. బొమ్మ ఆసరాతో ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటారు. అటువంటి పుస్తకాలు తెలుగులో ఇంకా చాలా రావాలి. వాటి కోసం మన గ్రంథాలయాల్లో అడగాలి. అడిగేవాళ్ళుంటేనే తెచ్చేవాళ్ళుంటారు.

అవి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. గౌరిబిదనూరు తాలూకా విదురాశ్వత్థంలో 1938 ఏప్రిల్ 25న జెండా ఎత్తడానికి చేరిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఆ ఊళ్ళ వాళ్ళ ఇళ్ళల్లో ఆ రోజు గురించి విన్న మాటలు ఇంకా ఉంటాయి. కరువు ఏడాది పశువుల్ని తోలుకుని వలసపోయిన కథ, బోరుబావి కోసం నగలమ్మిన కథ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఒక నోటుపుస్తకం తీసుకోండి, పుటకు నాలుగు గళ్ళు గీయండి. ముసలివాళ్ళు చెబుతుంటే పిల్లల్ని గీయమనండి. బొమ్మ అందంగా రాకపోయినా ఫరవాలేదు. చెప్పేవాళ్ళు ఉండగానే గీయాలి, అంతే.

ఆ కుర్రవాడికి పుస్తకం తిరిగి ఇచ్చేశాను. ఇస్తూ, నేనూ చదివానురా అన్నాను. వాడు నమ్మలేదు. "అయితే గెన్ వాళ్ళ నాయన చేలో ఏం పండిస్తాడు, చెప్పండి సార్" అని నాకే పరీక్ష పెట్టాడు. గోధుమ అని చెప్పాను. మొలక మీద నడిచి తొక్కితే, అది మరింత గట్టిగా లేస్తుందని ఆ తండ్రి పిల్లలకు నేర్పుతాడు కదా అన్నాను. అప్పుడు గాని వాడు నవ్వలేదు. మర్నాడు వాడు తన నోటుపుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. మొదటి పుటలో నాలుగు గళ్ళు గీసి ఉన్నాయి. మొదటి గడిలో వాళ్ళ అవ్వ, నెత్తి మీద బిందె, ఎదురుగా ఎండిపోయిన చెరువు. మిగతా మూడు గళ్ళు ఖాళీగా ఉన్నాయి. "అవ్వను అడిగి ఏస్తా సార్" అన్నాడు.